వ్యాసానికి ముందు ఒక తగవు కావాలి

వ్యాసం అంటే ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు. హైదరాబాద్ శివారు సూరారంలో తొమ్మిదో తరగతి పిల్లను నిద్రలో లేపి అడిగినా ఈ మూడు మాటలూ వరసగా అప్పజెప్తుంది. కాస్త గట్టి సారు దగ్గర చదివిన పిల్లయితే నడిమి భాగాన్ని మళ్లీ విడగొట్టి లాభాలు, నష్టాలు, నివారణ చర్యలు అంటుంది. ఒక్కో సైడ్ హెడింగు కింద స్కేలు పెట్టి గీత. మొదట్లో గాంధీగారిదో వివేకానందుడిదో ఒక సూక్తి. చివర్లో ‘కావున మనమందరం’ అని ఎత్తుకునే ఒక వాక్యం. అంశం ప్లాస్టిక్ అయినా, వరకట్నమైనా, సెల్‌ఫోన్ అయినా కొలత మారదు. గైడులో ఇదే, ట్యూషన్‌లో ఇదే. పెద్దయ్యాక గ్రూప్-1 మెయిన్స్‌లో 150 మార్కుల జనరల్ ఎస్సే పేపరు కోసం కోచింగుకు పోతే అక్కడా మొదటి రోజు బోర్డు మీద కనిపించేది చాలావరకు ఇదే.

ఈ పద్ధతి వెనక ఒక నమ్మకం ఉంది. ముందు చట్రం నేర్పాలి, ఆలోచన తరువాత దానంతటదే వస్తుంది అన్నది ఆ నమ్మకం. అందులోనూ సర్కారు బడి పిల్లలకైతే చట్రం దాటి నేర్పబోవడం సమయం దండగ అనీ, వాళ్ల మీద బరువు మోపడమనీ చాలామంది అంటారు. స్టాఫ్‌రూముల్లో, శిక్షణ తరగతుల్లో ఎవరూ ఎదురు చెప్పకుండా చెల్లిపోతున్న మాట ఇది. ఇది తప్పని నా వాదన. కొంచెం తప్పు, కొంచెం ఒప్పు కూడా కాదు, మొదలే తలకిందులు.

అలా అనేవాళ్ల పక్షం ముందు పూర్తిగా చెప్పుకుందాం. వాళ్లలో చాలామంది పిల్లల మేలు కోరేవాళ్లే. సూరారం, గాజులరామారం, జీడిమెట్ల చుట్టుపక్కల బళ్లలో కూర్చునే పిల్లల అమ్మానాన్నలు పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. ఒకరిది పాలమూరు, ఒకరిది సిక్కోలు, ఇంకొకరిది ఒడిశా, మరొకరిది బీహార్. ఇంట్లో ఒక భాష, గల్లీలో ఒక భాష. బళ్లో 2022-23 నుంచి మెట్లుమెట్లుగా వచ్చిన ఇంగ్లీషు మీడియం, ఒక పేజీ తెలుగూ ఎదురు పేజీ ఇంగ్లీషూ ఉన్న పుస్తకాలు. ఒక పేరా తప్పుల్లేకుండా రాయడమే గగనమైన పిల్ల ముందు వాదం, ప్రతివాదం అని కూర్చుంటే ఏమవుతుంది? ఖాళీ కాగితం ఇచ్చి పోతుంది. అదే మూడు భాగాలు గీసిచ్చి ఒక్కోదాంట్లో నాలుగేసి వాక్యాలు నింపమంటే నింపుతుంది. దిద్దేవాళ్లకు హెడింగులు కనిపిస్తాయి, మార్కులు పడతాయి, పిల్ల పాసవుతుంది. జనవరి నుంచి పొద్దునా సాయంత్రం ప్రత్యేక తరగతులు తీసుకుంటూ, ఒక్క పిల్ల తప్పినా పైవాళ్లకు సంజాయిషీ రాయాల్సివచ్చే టీచరుకు ఇంతకన్నా దారేముంది?

ఇందులో పిల్లల ఇబ్బంది గురించి చెప్పిందంతా నిజం. టీచరు కష్టమూ నిజమే. నిజం కానిది ఒక్కటే, చట్రం నింపడం వచ్చిన పిల్లకు ఆలోచన వెనకాలే వస్తుందన్నది. ఆరో తరగతి నుంచి పదిదాకా అయిదేళ్లు నింపుతారు. ఇంటర్‌లో నింపుతారు, డిగ్రీలో నింపుతారు. ఆ ‘తరువాత’ ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాళ్లు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఆ చట్రం అసలు నిర్మాణమేనా అన్నది నా మొదటి అనుమానం. ఈ పద్ధతిలో రాసిన ఏ వ్యాసాన్నయినా తీసుకుని నడిమి భాగంలో రెండు పేరాలు అటుదిటు మార్చి చూడండి. నివారణ చర్యల్లో మూడో పాయింటును మొదటికి తెండి. వ్యాసానికి ఏమీ కాదు. దిద్దేవాళ్లకు తెలియదు, రాసిన పిల్లకూ తెలియదు. ఒక మాట వెనక ఇంకో మాట ఎందుకొచ్చిందో అడిగితే జవాబు లేనప్పుడు దాన్ని నిర్మాణం అనడానికి నాకు నోరు రాదు. అది జాబితా. జాబితాకు తలా తోకా తగిలించి వ్యాసం అని పేరు పెట్టాం.

తలకొచ్చిన తిప్పలు ఇంకోరకం. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోని పిల్లను ముందుగా ఉపోద్ఘాతం రాయమంటున్నాం. ఏం చెప్పబోతున్నామో తెలియనప్పుడు దానికి పరిచయ వాక్యాలు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే ‘నేటి ఆధునిక యుగంలో’ వస్తుంది, ‘మానవుడు సంఘజీవి’ వస్తుంది. పిల్లకు ఊహ లేక ఆ వాక్యాలు రాలేదు. ఊహకు ఆస్కారం లేని చోట కలం పెట్టమన్నందుకు వచ్చాయి. ముగింపులోని ‘కావున’ సంగతీ ఇంతే. ‘కావున’ అన్నాక పైన దానికో కారణం ఉండాలి. పైన ఉన్నది జాబితా గనక ఆ ‘కావున’ దేన్నీ పట్టుకోకుండా గాల్లో వేలాడుతుంది. తెలుగు సరిగా రాకపోవడం వల్ల జరిగింది కాదిది. చక్కటి చేతిరాతతో, ఒక్క అక్షరదోషం లేకుండా రాసే పిల్లలూ ఇలాగే రాస్తారు.

అంశాలిచ్చే తీరు కూడా ఈ చట్రానికి తగ్గట్టే ఉంటుంది. జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం, ఓటు హక్కు ప్రాముఖ్యత మీద వ్యాసరచన పోటీ. అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం, మళ్లీ పోటీ. పర్యావరణ దినానికి చెట్లు, రోడ్డు భద్రతకు హెల్మెట్. ఓటు వేయకూడదని వాదించేవాడు ఆ పోటీ హాల్లో ఒక్కడైనా ఉంటాడా? చెట్లు నరకాలని? ఎవరూ కాదనని మాట మీద వ్యాసం అవసరమే లేదు, నినాదం చాలు. మన పాఠ్యపుస్తకాలు వ్యక్తీకరణ-సృజనాత్మకత కింద నినాదాలు రాయమని విడిగా అడుగుతూనే ఉన్నాయి. అక్కడ నాలుగు ముక్కల్లో అయిపోయేదాన్ని ఇక్కడ నాలుగు పేజీలకు సాగదీయించి, పిల్లలకు రాయడం రాదని బాధపడుతున్నాం.

తెలుగులో వ్యాసం పుట్టినప్పుడు పరిస్థితి ఇది కాదు. తెలుగులో తొలి వ్యాసాలుగా చాలామంది చెప్పేవి సామినేని ముద్దు నరసింహం నాయుడి హితసూచనిలోవి. అది 1862లో అచ్చయింది. రాసినాయన ఉద్యోగరీత్యా మున్సిఫు, అంటే పొద్దున లేస్తే ఇరుపక్షాల మాటా విని తీర్పు చెప్పే మనిషి. ఆయన ఎంచుకున్నవి అందరూ తలూపే సంగతులు కావు. దయ్యాలున్నాయా, మంత్రాలకు చింతకాయలు రాలుతాయా, పిల్లలకు ఏం చదువు చెప్పాలి, ఆడవాళ్ల పెళ్లి విషయంలో జరుగుతున్నది సబబేనా? ఒక్కోటీ ఆనాటి ఇంటింటితోనూ తగవు పెట్టుకునే ప్రశ్న. ఎదుటివాడు ఏమంటాడో ఆయనకు తెలుసు, ఆ మాటకు జవాబు చెప్పడానికే రాశాడు.

ఆ తరువాత యాభై ఏళ్లకు బళ్లలో, కళాశాలల్లో తెలుగు వ్యాసరచన ఎలా ఉండాలన్నదాని మీదే మహా యుద్ధం జరిగింది. 1913లో గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగు మీద మెమొరాండం వేశారు. అదే ఏడాది జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ పుస్తకం తెచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ కమిటీ నివేదికతో విభేదిస్తూ గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రం రాశారు. మనం దాన్ని వ్యావహారిక భాషోద్యమం కింద జమకట్టి, గురజాడ జయంతి నాడు ఒక వాక్యంలో తేల్చేస్తాం. ఆ గొడవకు కేంద్రం పిల్లవాడి కాంపోజిషన్ కాగితం అన్నది మరిచిపోతాం. పిల్లవాడు తనది కాని భాషలో రాయాలా, తన నోట్లో ఆడే భాషలో రాయాలా అన్నది ఆనాటి ప్రశ్న. తనది కాని భాష అంటగట్టేవాళ్ల వాదం వెనకా ‘ముందు ఇది పట్టుబడాలి, భావాలు తరువాత’ అన్న ధోరణే ఉందని నాకనిపిస్తుంది. భాష విషయంలో గురజాడ పక్షం చివరికి గెలిచింది. ఇవాళ బళ్లో ఎవరూ గ్రాంథికం రాయమనడం లేదు. అయితే తనది కాని భాష పోయిన చోట తనది కాని మాట వచ్చి కూర్చుంది. వాక్యం వ్యావహారికమే, అందులోని సంగతి మాత్రం గైడుది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నిర్మాణం అక్కర్లేదని నేననడం లేదు. అలా అనేవాళ్లు వేరే ఉన్నారు. పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేయండి, మనసుకు తోచింది రాయనివ్వండి అంటారు. వినడానికి హాయిగా ఉంటుంది. ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్న పిల్ల దాంతో ఎలాగో గట్టెక్కుతుంది, లేని పిల్ల మునిగిపోతుంది. వాళ్లతో తగవు ఇంకోసారి పెట్టుకుంటాను. నిర్మాణం కావాలి, అది కూడా గట్టిది కావాలి. కాకపోతే అది ఎక్కడినుంచి పుడుతుందన్నదే పేచీ.

దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. తర్కం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సులువుగా తెలియాలని రాసిన చిన్న పుస్తకమది. న్యాయదర్శనం చదివేవాళ్లకు ఇప్పటికీ అదే మొదటి మెట్టు. ఒక మాటను నిలబెట్టడానికి న్యాయదర్శనం చెప్పిన అయిదు అంగాలు అందులో ఉన్నాయి. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది గనక, ఇది హేతువు. పొగ ఉన్న చోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూస్తున్నాం కదా, ఇది ఉదాహరణ. ఈ కొండ సంగతీ అలాంటిదే, ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పుంది, ఇది నిగమనం.

ఇందులో ఉపోద్ఘాతం లేదు, గమనించండి. అగ్ని మానవ జీవితంలో ఎంత ముఖ్యమో చెప్పే నాలుగు వాక్యాలు లేవు. మొదటి వాక్యమే ఎవడైనా ‘లేదు పో’ అనగలిగే వాక్యం. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఈ అయిదంగాల వరస అన్ని ఊహలకూ అక్కర్లేదంటారు తార్కికులు. పొగ చూసి నిప్పుందని మనకు మనం తెలుసుకోవడానికి ఇంత తతంగం దేనికి? స్వార్థానుమానానికి ఇది అవసరం లేదు. పక్కవాడికి నచ్చజెప్పాల్సి వచ్చినప్పుడు, అంటే పరార్థానుమానంలోనే ఈ వరస కావాలి. నిర్మాణం ఎదుటి మనిషి కోసం. ఎదుటి మనిషి లేకపోతే నిర్మాణానికి పనే లేదు. మన బళ్లో రాసే వ్యాసానికి ఎదుటి మనిషి లేడు. దిద్దే సారు ఉన్నాడు, ఆయన దేనికీ ‘ఎందుకు?’ అనడు, హెడింగులు లెక్కపెడతాడు.

సూరారంలో ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. రాజీవ్ గృహకల్పలో ఉండే పదో తరగతి పిల్ల అనుకుందాం. వాయు కాలుష్యం మీద వ్యాసం రాయమంటే ఏం రాస్తుంది? కాలుష్యం మూడు రకాలు అని మొదలుపెడుతుంది. వాహనాల పొగ, ఫ్యాక్టరీల పొగ, చెట్ల నరికివేత. ఆస్తమా, కళ్ల మంటలు. మొక్కలు నాటాలి, సైకిల్ వాడాలి, కావున మనమందరం. ఇదే వ్యాసం కరీంనగర్ పిల్లా రాస్తుంది, అరకు పిల్లా రాస్తుంది. జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన ఉండి, రాత్రయ్యేసరికి రసాయనాల ఘాటు వాసనకు కిటికీ మూసుకునే ఇంట్లో పుట్టిపెరిగిన పిల్ల రాసిన వ్యాసంలో ఆ వాసన ఉండదు. కిటికీలోంచి రాగలిగింది గానీ ఉపోద్ఘాతం-విషయం-ముగింపులోకి రాలేకపోయింది.

ఇప్పుడు అంశం మార్చి అడగండి. జీడిమెట్ల ఫ్యాక్టరీలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపేయాలా, వద్దా? కాలుష్య పరిశ్రమలను ఔటర్ దాటించాలన్న మాట ప్రభుత్వాల నోట ఏళ్లుగా వినపడుతున్నదే గనక ఇది ఊహా ప్రశ్న కూడా కాదు. ‘పంపేయాలి’ అంటుంది పిల్ల. అయిపోయింది, ప్రతిజ్ఞ దొరికింది. ఎందుకు? వాసన, చెల్లెలికి దగ్గు, రాత్రి నిద్ర పట్టదు. ఇది హేతువు. అప్పుడు పక్క బెంచీలోంచి ఎవరో అంటారు, ‘మరి మీ డాడీ పనిచేసేది ఆ కంపెనీలోనే కదనే?’

అక్కడ వ్యాసం మొదలవుతుంది. తండ్రి జీతం ఆ గేటు లోపలే ఉంది. ఫ్యాక్టరీ పోతే ఆయన రోజూ ఔటర్ అవతలికి ఎలా పోతాడు, అసలు తీసుకెళ్తారా, కొత్తవాళ్లను పెట్టుకుంటారా? పూర్వపక్షం పుస్తకంలో లేదు, సాయంత్రం టిఫిన్ డబ్బాతో ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుంటుంది. పిల్ల తేల్చుకోవాలి. పోవాలి గానీ కార్మికులకు బస్సో ఇల్లో చూపించాకే పోవాలి అనవచ్చు. అన్నీ పోనక్కర్లేదు, రసాయనాలవి పోతే చాలు అనవచ్చు. ఒక్కటీ పోనక్కర్లేదు, రాత్రిపూట దొంగచాటుగా వదిలేవాళ్లను పట్టుకుంటే చాలు అనవచ్చు. ఏది అన్నా మొదట అన్న మాట కన్నా అది మెరుగైన మాట, ఆమె సొంతంగా గెలుచుకున్న మాట.

ఇంకొకడు లేస్తాడు. ‘ఫ్యాక్టరీలు ముందొచ్చినయ్, ఇండ్లు తర్వాత వచ్చినయ్, తెలిసే వచ్చి ఉంటున్నం కదా.’ ఇది మొదటిదాని కన్నా గట్టి దెబ్బ. పెద్ద పెద్ద సంపాదకీయాలే దీని దగ్గర తడబడతాయి. అద్దె తక్కువని వచ్చినవాళ్లు వాసనకు ఒప్పుకుని వచ్చినట్టేనా? ఈ ప్రశ్నకు పదో తరగతి పిల్ల చెప్పే జవాబు చదవాలని నాకు నిజంగా ఆశ. మూడోవాడు అడుగుతాడు, ఔటర్ అవతల కూడా ఊళ్లున్నాయి కదా, అక్కడి పిల్లలకు దగ్గు రాదా? నాలుగోది అన్నింటికన్నా కష్టం. ఆ వాసన ఫ్యాక్టరీదే అని నీకెలా తెలుసు, నాలాది కాదని ఏమిటి నమ్మకం? పొగమంచును చూసి పొగ అనుకున్నవాడి కథ తర్కశాస్త్రంలో ఉండనే ఉంది. ఇక పిల్ల లేచి కనుక్కోవాలి. ఏ పూట వస్తోంది, గాలి ఎటునుంచి వీచినప్పుడు వస్తోంది, పై అంతస్తులోనూ ఉందా, నాన్నకేమైనా తెలుసా, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఎవరైనా చేశారా? బళ్లో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో, అదే మన ఎఫ్ఏల్లో, ప్రాజెక్టు పని అని ఒకటుంది. నెట్‌లో బొమ్మలు ప్రింటు తీసి చార్టు మీద అంటించడానికి వాడుతున్నాం. అది పనికొచ్చేది ఇక్కడ.

ఇలా నాలుగు అడ్డుప్రశ్నలు దాటిన పిల్ల చేతిలో ఉన్న పేరాల్ని ఇప్పుడు అటుదిటు మార్చమనండి. కుదరదు. వాసన ఎక్కడిదో తేలకుండా ఫ్యాక్టరీ పోవాలనడానికి లేదు, తండ్రి ఉద్యోగం సంగతి చెప్పకుండా షరతు పెట్టడానికి లేదు. ఏ పేరా ఎక్కడుండాలో టీచరు చెప్పలేదు, బోర్డు మీద గీయలేదు. ‘ఐతే?’ అని అడిగినవాడు నిర్ణయించాడు. ఉపోద్ఘాతం ఆఖర్న రాయిస్తే చాలు, రెండు వాక్యాలు. సూరారం ఎక్కడుందో తెలియని గుంటూరు మనిషి చదివితే ఏం తెలిసుండాలో అంతే. ముగింపు కోసం వెతకనే అక్కర్లేదు, ఇన్ని ప్రశ్నల తరువాత ఏ మాట మిగిలిందో అదే.

భాష రాదు కదా అన్న అభ్యంతరం ఇంకా మిగిలే ఉంది. తెలుగు రాని పిల్ల వాదిస్తుందా? బస్సులో కండక్టరుతో వాదిస్తుంది. ఇంట్లో తమ్ముడితో వాదిస్తుంది, సగం తెలుగూ సగం హిందీ కలిపి, మధ్యలో ఊపిరి తీసుకోకుండా. వాదన చేతకాని పిల్ల లేదు. రాతలో వాదించవచ్చని ఎవరూ చెప్పని పిల్ల ఉంది. ముందు నోటితో జరగనివ్వండి, ఏ యాసలోనైనా, ఏ భాషలోనైనా. తరువాత కాగితం మీద పెట్టేటప్పుడు ‘ఎందుకంటే’, ‘అయినా సరే’, ‘ఒకవేళ’, ‘అలాగని’ లాంటి మాటల అవసరం పడుతుంది. అవసరం పడినప్పుడు నేర్పితే అవి నాలుక మీద నిలుస్తాయి. జాబితా రాసే పిల్లకు ‘అలాగని’ అన్న మాట ఏడాదంతా అవసరమే పడదు, ఇక ఎలా నేర్చుకుంటుంది? ఒత్తులూ దీర్ఘాలూ దిద్దడం ఆఖరి పని. మనం మొదటి పనిగా పెట్టుకున్నాం గనకే ఎర్ర సిరా చూసి పిల్లలు చిన్న వాక్యాల్లో దాక్కుంటున్నారు.

పేద పిల్లలకు ఇంతకన్నా చేతకాదు అన్న మాటలో దయ ఉందని అనేవాళ్లు అనుకుంటారు. నాకు అందులో వినిపించేది వేరు. ఇంటర్నేషనల్ స్కూల్లో చదివే పిల్లలకు డిబేట్ క్లబ్బు, ఎదుటి పక్షాన్ని కూడా తయారు చేసుకుని రమ్మనే హోంవర్కు. సూరారం పిల్లకు ఖాళీలు పూరించుము. వాళ్లు రేపు వాదిస్తారు, వీళ్లు రేపు దరఖాస్తు ఫారాలు నింపుతారు. ఈ తేడా ప్రతిభలో లేదు, మనం ముందే చేసిన పంపకంలో ఉంది.

ఇక మార్కులు. అసలు అడ్డం ఇదే, మిగతావన్నీ దీని వెనక నిలబడతాయి. 2014-15లో నిరంతర సమగ్ర మూల్యాంకనం పదో తరగతికి వచ్చినప్పుడు ఉద్దేశం మంచిదే. పాఠం చివరి ప్రశ్నను ఉన్నదున్నట్టు అడగకుండా పిల్లల సొంత స్పందన అడగాలనుకున్నారు. కరపత్రం, లేఖ, సంభాషణ, అభినందన వ్యాసం అన్నీ వచ్చాయి. కరపత్రం కన్నా మంచి అభ్యాసం ఏముంటుంది, దాన్ని చదివే మనిషి ఎదురుగా ఉంటాడు కదా! ఏడాది తిరక్కుండా గైడుల్లో కరపత్రానికీ నమూనా వచ్చింది. ‘ప్రియమైన ప్రజలారా’ అని మొదలు, ‘ఇట్లు’ అని చివర, మధ్యలో ఏ అంశమైనా పట్టే ఆరు పాయింట్లు. ప్రశ్న మారింది గానీ దిద్దే కొలత మారలేదు. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టల కొద్దీ జవాబు పత్రాలు గడువులోపల దిద్దాల్సిన మనిషి కంటికి ఆనేది హెడింగూ, నిడివీ, చేతిరాత. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఈ జబ్బు మనొక్కరిదే కాదు. అమెరికాలో 2005లో కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షకు వ్యాసం చేర్చినప్పుడు ఎంఐటీలో రచన బోధించే లెస్ పెరెల్‌మన్ ఆ పేపర్లను చూసి, ఎంత పొడుగు రాస్తే అంత మార్కు పడుతోందనీ, రాసింది నిజమా కాదా ఎవరూ పట్టించుకోవడం లేదనీ బయటపెట్టాడు. ఆ వ్యాసాన్ని తరువాత ఐచ్ఛికం చేశారు, 2021లో ఎత్తేశారు. అక్కడి అయిదు పేరాల చట్రం మీద జాన్ వార్నర్ 2018లో ఒక పుస్తకమే రాశాడు, ఆ చట్రాన్ని చంపేయాలని దాని ఉపశీర్షికలోనే ఉంది. అదే పెరెల్‌మన్ ఇంకో ముచ్చటైన పని చేశాడు. అర్థంపర్థం లేని వ్యాసాలు అల్లే ఒక ప్రోగ్రాము కొందరు విద్యార్థులతో కలిసి తయారుచేసి, ఆ వ్యాసాలను మార్కులు వేసే యంత్రాలకు ఇచ్చాడు. మంచి మార్కులే పడ్డాయి. ఇప్పుడు అలా అల్లే యంత్రం ప్రతి తండ్రి ఫోన్‌లోనూ ఉంది. వాయు కాలుష్యం మీద వ్యాసం ఇమ్మంటే ఉపోద్ఘాతం, సైడ్ హెడింగులు, ముగింపుతో క్షణంలో ఇస్తుంది, తెలుగులోనే. మన పిల్లలకు అయిదేళ్లు కష్టపడి నేర్పుతున్నది అది ఉచితంగా చేసే పనే. గృహకల్ప మూడో అంతస్తులో రాత్రి పదింటికి వచ్చే వాసన సంగతి మాత్రం దానికి ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

బోర్డు పరీక్ష మారేదాకా ఏమీ చేయలేమన్నది ఆఖరి మాట. చేయవచ్చు. ఏడాదిలో నాలుగు ఎఫ్ఏలు, ఒక్కోదానికి 20 మార్కులు. అందులో రాత అంశాలవి 5, ప్రాజెక్టుది 5. ఆ పది మార్కులూ పూర్తిగా టీచరు చేతిలోవి, కీ పేపరు లేదు, స్పాట్ లేదు. రాసినా రాయకపోయినా అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తున్నారన్న నింద మీదే అంతర్గత మార్కులు ఎత్తేయాలని 2024 నవంబరులో ఉత్తర్వు దాకా వెళ్లారు. వాటికి విలువ తేవాలంటే రాత అంశాల అయిదు మార్కుల కొలత తిరగరాయాలి. పిల్ల తన మాట ఒక వాక్యంలో చెప్పిందా, దానికి ఒకటి. కారణం తను చూసిందేనా, విన్నదేనా, ఒకటి. ఎదుటివాడి మాటను వాడు విన్నా ఔననేట్టు చెప్పిందా, దీనికి రెండు, ఎందుకంటే అన్నింటికన్నా కష్టమైంది ఇదే. దానికి జవాబిచ్చాక తన మొదటి మాటను సరిచేసుకుందా, ఒకటి. హెడింగులకు సున్న. పదో తరగతిలో భయమైతే ఎనిమిదిలో మొదలుపెట్టండి, అక్కడ బోర్డు లేదు. మొదటి ఎఫ్ఏకు అంశం కావాలంటే వెతకనక్కర్లేదు. వ్యాసంలో సైడ్ హెడింగులు ఉండాలా, వద్దా అన్నది పిల్లలకే ఇవ్వండి. ఉండాలని గట్టిగా వాదించే పిల్ల తప్పకుండా ఒకతి లేస్తుంది. ఆమె రాసినదాన్ని నాకూ ఒకసారి చూపించండి.